గేట్‌మన్ చేతిలో దీపం

నా దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది, సెల్లు అయిపోయిన రిమోట్ పట్టుకొని, టీవీ కాలిపోయిందని ఏడుపు ముఖంతో వస్తారు. నేను తిడతాను. వాళ్ళు నవ్వి, మళ్ళీ నా దగ్గరికే వస్తారు. మహబూబ్‌నగర్ స్టేషన్ రోడ్డులో ఎవరిని అడిగినా, ఎలక్ట్రానిక్స్ మెర్సీకి నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది అంటారు. ఆ మాట నాకు ఇష్టమే.

బొమ్మ రైళ్ళ పిచ్చి మా నాన్న అంటించింది. ఆయన రేడియో మెకానిక్. ప్రతి క్రిస్మస్‌కు చర్చిలో పశువుల పాక పక్కన చిన్న రైలు నడిపేవాడు. బేత్లెహేముకు రైలెందుకయ్యా అని పాస్టరుగారు అడిగితే, "పిల్లలొస్తరు గదా" అనేవాడు. అప్పట్లో రైలును నడిపే కరెంటే దీపాలకూ పోయేది. రైలు ఉరికితే దీపం వెలిగేది, మెల్లగా పోతే గుడ్డిదయ్యేది, స్టేషన్లో ఆగితే ఆరిపోయేది. కూత కోసం బల్ల కింద టేప్ రికార్డరు ఉండేది. రైలు ఆ మూల ఉంటే కూత ఈ మూల వినిపించేది. పిల్లలు రైలును వదిలేసి బల్ల కిందికి వంగి చూసేవారు.

నాన్న పోయాక దుకాణమూ రైలూ రెండూ నాకే వచ్చాయి. టార్చి బల్బులు పీకి ఎల్‌ఈడీలు పెట్టాను. కరెంటును కాస్త దాచుకునే కెపాసిటర్ కలిపితే, రైలు ఆగినా దీపం నిలిచింది. కొన్నేళ్ళకు ఇంజన్ కడుపులోనే గోరంత చిప్పు, పావలా బిళ్ళంత స్పీకరు ఇమిడ్చాను. ఇప్పుడు పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఏం చేయాలో చెప్పే సంకేతం కూడా దాంతోపాటే పోతుంది. నా చేతిలో ఒక డబ్బా. ఒక మీట నొక్కితే రైలు కదులుతుంది, ఒకటి నొక్కితే దీపం, ఇంకోటి నొక్కితే కూత. రైలు ఎటు పోతే కూతా అటే పోతుంది. ఆ క్రిస్మస్‌కు పిల్లలెవరూ బల్ల కిందికి వంగలేదు. నాన్న చూడలేదే అని ఇంటికొచ్చి చాలా ఏడ్చాను.

తర్వాత వినాయక మండపాల వాళ్ళు, బడుల వాళ్ళు కూడా రైళ్ళ కోసం రాసాగారు. కాబట్టి 2022 వానాకాలంలో ఒక మధ్యాహ్నం బక్కయ్య వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు, ఈయనా ఏదో మండపం మనిషే అనుకున్నాను. అరవై ఐదేళ్ళు ఉంటాయి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

"రైలు బొమ్మకు లైట్లు, కూత పెట్టేది నువ్వేనా బిడ్డా?"

"నేనే. ఏ మండపం, కాకా?"

"మండపం కాదు. ఒక గేటు చెయ్యాలె. ఎర్రగుట్ట గేటు."

నా చేతిలో టంకం కడ్డీ అలాగే ఆగిపోయింది. ఎర్రగుట్ట గేటు దగ్గర ఏం జరిగిందో మా వైపు అందరికీ తెలుసు. ఏడేళ్ళ కింద, పొద్దుగూకి దీపాలు పెట్టే వేళ, ఆ గేటు దగ్గర మోటారు సైకిలు మీద పట్టాలు దాటుతూ రైలు కింద పడి ఒక మనిషి చనిపోయాడు. చనిపోయినవాడి పేరు రాజేశ్. జడ్చర్లలో వెల్డింగ్ పని చేసుకునేవాడు. ఆ రోజు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న గేట్‌మన్ అతనికి పిల్లనిచ్చిన మామే. ఆ మామే ఇప్పుడు నా గుమ్మంలో ఉన్నాడని అర్థమైంది.

లోపలికి పిలిచి స్టూలు వేశాను. ఆయన జరిగింది చెప్పాడు. ముందు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, రైలు వస్తోందని. గేట్‌మన్ గేటు వేసి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నెంబరు చెప్పాలి. ఆ నెంబరు చెప్పాడంటే గేటు పడ్డట్టే లెక్క. బక్కయ్య గేటు వేయకముందే నెంబరు చెప్పేశాడు. ఆ తప్పు ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు, దానికి ఉద్యోగం పోయింది. రిటైరు కావడానికి రెండేళ్ళే ఉండేది.

"అటెన్క గేటు దించుదామంటె హ్యాండిల్ బిగుసుకున్నది. రైలు కూత వెయ్యలే. ఉరికిపోయి అల్లునికి ఎర్ర లైటు సూపిచ్చిన. ఆగకుండ వచ్చిండు." ఆయన అరచేతులు చూసుకుంటూ చెప్పాడు. "నా బిడ్డ కోమల నన్ను నమ్మతలేదు. ఏడేండ్లాయె, నా ఇంటికి రాదు, నన్ను రానియ్యదు. నా మనుమరాలు స్నిగ్ధకు నా మొఖం గూడ తెల్వదు. తీస్కపోయి గా జాగా సూపిద్దామంటె గేటు లేదు, గుట్ట లేదు. నువ్వు చేసిపెడ్తె కండ్లతోని సూస్తది."

నిజమే. రెండో లైను వేసేటప్పుడు గుట్టను పేల్చేశారు. గేటు తీసేసి కింద నుంచి రోడ్డు వేశారు. ఇక మిగిలింది నలుగురి నోట్లో మాట. ఎర్ర దీపం చూసి కూడా బండి పోనిచ్చాడంటే తాగే ఉంటాడని ఊరంతా తేల్చేసింది. తాగలేదని దవాఖాన కాగితంలో ఉంది కానీ కాగితం ఎవరు చదువుతారు? తొమ్మిదేళ్ళ స్నిగ్ధను బడిలో తోటి పిల్లలు తాగుబోతు బిడ్డ అంటున్నారట. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అడగకుండా పని ఒప్పుకున్నాను.

మర్నాడు ఆయన ఆటోలో పాత తలుపు చెక్క ఒకటి, గోనెసంచి నిండా ఎర్రరాయి తెచ్చాడు. పేల్చినప్పుడు ఏరిపెట్టుకున్న గుట్ట రాయి. తలుపు చెక్క మీద ఆ రాయితోనే గుట్ట కట్టాం. గుట్టను కోసి వేసిన పట్టాలు, మలుపు, గేటు, గేటు గది, వేపచెట్టు. దారి మీద అంగుళమంత రాజేశ్ బండి, దాని అడుగున అయస్కాంతం. చెక్క కింద నుంచి ఇంకో అయస్కాంతం జరిపితే బండి కదులుతుంది.

నా జన్మలో అంత సతాయించిన గిరాకీ లేడు. కూతతోనే రెండు వారాలు తిన్నాడు. నేను ప్లాట్‌ఫాం చివర నిలబడి ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చి వినిపిస్తే, కళ్ళు మూసుకొని విని తల అడ్డంగా ఊపాడు.

"గిది కరెంటింజన్ బిడ్డా. ఆనాడు డీజిలు. గొంతు వేరే ఉంటది."

లైను మొత్తం కరెంటుదయ్యాక డీజిల్ ఇంజన్ ఎక్కడ దొరుకుతుంది? గూడ్స్ షెడ్డు దగ్గర వ్యాగన్లు సర్దడానికి ఒకటి వస్తుందంటే, మూడు రోజులు గోడ పక్కన కాపుకాసి పట్టుకొచ్చాను. ఈసారి కళ్ళు తెరవకుండానే, "గిదే" అన్నాడు. పట్టాల పక్కన పసుపు బోర్డు ఉంటుందట, అక్కడ మొదలుపెట్టి గేటు దాకా కూత వేస్తూనే రావాలట. ఆ బోర్డు కూడా పెట్టి, ఇంజన్ దాని పక్కకు రాగానే కూత దానంతటదే మోగేలా చేశాను. ఇంజన్ దూరంగా ఉంటే సన్నగా, దగ్గరికి వస్తుంటే పెద్దగా వినిపించాలని ఇంకో వారం కూర్చున్నాను. చేసి, గర్వంగా ఆయన ముందు నడిపాను.

 ఆయన, "బంద్ చెయ్యి బిడ్డా. ఆనాడు కూత వెయ్యలేదని చెప్పిన గద" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "మరి ఇన్ని రోజులు నా చెవులెందుకు కొరికినవ్ కాకా? ముందే చెప్తె నీ సొమ్మేం పోయె?"

"రోజూ వేసెటోళ్ళు. కూత లేకుంటె గది ఎర్రగుట్ట గేటెట్లయితది? ఆనాడొక్కటే లేదు."

కష్టపడి చేసినదాన్ని పీకేయడం నాకు చేతకాదు. చిప్పులో కూత అలాగే ఉంచి, మూయడానికి ఒక స్విచ్చి పెట్టాను.

దీపాల దగ్గరా ఇదే గోల. తెల్ల ఎల్‌ఈడీ ఒప్పుకోలేదు. మిఠాయి మీద చుట్టే పసుపు కాగితం ముక్క అంటిస్తే ఒప్పుకున్నాడు. రాజేశ్ బండి లైటు కొంచెం పైకి చూడాలన్నాడు. ఎప్పుడో పడి విరిగితే రాజేశే వెల్డింగ్ చేసుకున్నాడట, అప్పటి నుంచి అది దారి మీద కాక చెట్ల మీద పడేదట. అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో చిన్న నవ్వు వచ్చింది.

"అర కిలోమీటరు దూరంల ఉంగనే తెలుస్తుండె, మా అల్లుడస్తాండని. ఆకుల మీద లైటు పాకుకుంట వచ్చేది."

అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో బోనాలకు రాజేశ్ తన తల్లితో, అన్నతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే గేటు పడింది. ఒక గూడ్సు పోయింది, ఎదురు రైలు రావాలి, అరగంట గేటు తీయలేదు. గేటుకు అవతల వియ్యాలవారు, ఇవతల యూనిఫాంలో మామ. పిల్లనిచ్చినోడు మొఖం మీద గేటేసిండని వియ్యపురాలు ఆటో వెనక్కి తిప్పించింది. అన్నం కూడా తినకుండా పోయారు. మళ్ళీ ఆ ఇంటికి రాకపోకలు మొదలు కావడానికి పెద్దమనుషులు రెండు నెలలు తిరగాల్సి వచ్చింది.

"అల్లుడంటే గంత భయమా కాకా?" అని ఆటపట్టించాను.

"భయం కాదు బిడ్డా, మర్యాద" అని ఆయన రాయి సర్దుకుంటూ అటు తిరిగాడు.

చివర మిగిలింది గేట్‌మన్ బొమ్మ. చేతిలో దీపం. ఆయన ఎర్రది ఒక్కటి చాలన్నాడు. ఆ విషయంలో నేనే వినలేదు. రైలుకు చూపించే పచ్చ లేకుండా గేట్‌మన్ దీపమేమిటని, ఆవగింజంత ఎర్రదీ పచ్చదీ పక్కపక్కనే కూర్చోబెట్టి, ఏది కావాలంటే అది వెలిగేలా తీగ లాగాను. పంతం నాది. ఆయన వద్దని మళ్ళీ అనలేదు.

షట్టరు దించి, చీకటి చేసి మొదటిసారి అన్ని దీపాలతో నడిపాను. ఇంజన్ ఇంకా మలుపు అవతలే ఉంది, ముందు గుట్ట రాయి మీద పసుపు వెలుగు పడింది. అది మెల్లగా పెరిగి, ఆ తర్వాత చాలాసేపటికి ఇంజన్ కనబడింది. ఆనాడు గూడ ఇట్లనే ఉండె అని ఆయన గొణిగాడు. నాకు మాత్రం ఒక అనుమానం తగిలింది. నోరు ఊరుకునేది కాదు కదా.

"కాకా, ఇంజన్ తిరగకముందే రాయంతా వెలుగుతాంది. కూత లేకున్నా రైలు దగ్గరికస్తాందని నీకు తెల్వాలె గద?"

"హ్యాండిల్‌తోని కొట్లాడుతున్న. సూడలే" అన్నాడు. చూడకపోతే అంత కచ్చితంగా ఎలా చెప్పావని అడగబోయి ఆగాను. చెప్పాలంటే, అడగడానికి భయపడ్డాను. స్నిగ్ధను తాగుబోతు బిడ్డ అనకుండా చేసే పని ఇదని నమ్మి రెండు నెలలు కూర్చున్నాను. ఆ నమ్మకం పోతే నా చేతిపని దేనికోసమో నాకే తెలియకుండా పోతుంది.

కోమలకు ఫోన్ చేసింది నేనే. తండ్రి పేరు చెప్పగానే పెట్టేసింది. మూడోసారి చేసినప్పుడు, "ఒక్కసారి వస్త. మల్ల నన్ను పిలవొద్దు" అంది.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆమె దుకాణం ముందు నిలబడి ఉంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, ప్రైవేటు దవాఖానలో పని, చేతిలో టిఫిన్ సంచి. తండ్రి అప్పటికే మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఇద్దరి మధ్య పది అడుగుల దూరం.

షట్టరు దించాను. మధ్యాహ్నం ఎండ సందుల్లోంచి సన్నగా వస్తోంది, మిగతా అంతా చీకటి. గేటు గదిలో దీపం వెలిగించాను. కోమల వేపచెట్టును, గదిని, గోడకు ఆనించిన నీళ్ళ కుండను చూసింది. "మా అమ్మ పెట్టిన కుండ" అని మెల్లగా అంది. వాళ్ళమ్మ కుండ సంగతి నాకు తెలియదు, బక్కయ్య చెప్తే పెట్టాను.

మొదటిసారి ఆయన చెప్పినట్టే నడిపాను. కూత లేదు. గుట్ట మీద వెలుగు, గేట్‌మన్ చేతిలో ఎర్ర దీపం. రాజేశ్ బండి లైటు ఆకుల మీద పాకుతూ వచ్చి పట్టాల మీదికి చేరింది. ఇంజన్‌ను వేలెడు దూరంలో ఆపాను. అంతకు మించి నడపనని ముందే ఇద్దరికీ చెప్పాను.

కోమల ఏడవలేదు. వంగి, ఆ బండినే చూస్తోంది.

"ఆయన ఎర్ర లైటుకు ఆగని మనిషి కాదు నాయినా," అంది. ఏడేళ్ళ తర్వాత తండ్రితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "నడి ఎండల, రోడ్డు మీద పురుగు లేకున్నా సిగ్నల్ కాడ ఆగెటోడు. నేను నవ్వేదాన్ని. గసుంటోడు నీ చేతుల ఎర్ర లైటు సూసి ఎట్ల వస్తడు? గదొక్కటి చెప్పు. ఇంకేం అడగ."

బక్కయ్య బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. ఇంజన్ దీపం ఇంకా గుట్ట రాయి మీదే పడుతోంది. ఆయన దాన్ని చూస్తున్నాడు, బిడ్డను కాదు.

"మెర్సీ," అన్నాడు. బిడ్డా అనలేదు. "ఎన్కకు తీస్కపో. జర కూత పెట్టు."

నాకు అర్థమైంది. చేయి స్విచ్చి మీదికి పోలేదు.

"పెట్టు బిడ్డా. దీపం పచ్చది చెయ్యి."

ఇంజన్‌ను వెనక్కి తీసుకెళ్ళాను. కూతను మూసిన స్విచ్చి తిప్పాను. ఎర్ర దీపం ఆర్పి పచ్చది వెలిగించాను. రైలు కదిలింది. పసుపు బోర్డు దగ్గర కూత అందుకుంది. ముందు సన్నగా, తర్వాత గది నిండా. రాయంతా వెలిగింది. ఆకుల మీద బండి లైటు పాకుతూ వచ్చింది. గేటు పైకే ఉంది, గేట్‌మన్ చేతిలో పచ్చ దీపం. ఇంజన్‌ను ఆపాను. 

"కూత వినబడ్డది," అన్నాడు బక్కయ్య. "రాయి మీద లైటు గూడ సూసిన. హ్యాండిల్ మంచిగనే ఉండె. అల్లుని లైటు కనబడ్డది. గేటేస్తె మల్ల మొఖం మీద ఏసినట్టయితదనుకున్న. దాటుతడు, దాటినంక ఏద్దామనుకున్న. పచ్చ దీపం ఊపి రా రమ్మన్న. నన్ను నమ్మి వచ్చిండు బిడ్డా. ఆగుదామని చూసిండు, నేనే రమ్మన్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు నా చేత అబద్ధానికి దీపాలు పెట్టించాడు. ఏడేళ్ళు చచ్చినవాడి మీద తాగుబోతు మాట పడుతుంటే నోరు మూసుకొని కూర్చున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. కానీ ఆ కూత కోసం, ఆ రాయి మీది వెలుగు కోసం ఆయన నన్ను పీక్కుతిన్న రోజులన్నీ గుర్తొచ్చాయి. అబద్ధం చూపించాలనుకున్న మనిషి ఒక్కటి కూడా తప్పుగా చేయనివ్వలేదు. కోపం పోలేదు, అయినా తిట్టకుండా చేతిలోని డబ్బా పక్కన పెట్టేశాను.

కోమల నేల మీద కూర్చుండిపోయింది. ఈసారి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. తండ్రి ఆమె వైపు ఒక అడుగు వేస్తే, చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్తె సాలదు," అంది. "స్నిగ్ధ ఇంట్ల ఉన్నది. వాళ్ళ నాయిన తాగలేదని, నువ్వు రమ్మంటె వచ్చిండని, నీ నోటితోని దానికి చెప్పాలె. అటెన్క ఊర్ల చెప్పాలె. నడువు."

"నీ ఇంటికా?" అని అడిగాడు బక్కయ్య.

"నా ఇంటికే."

షట్టరు ఎత్తాను. ఎండ ఒక్కసారిగా పడితే చెక్క మీది దీపాలన్నీ వెలవెలబోయాయి. ఆమె బస్టాండు వైపు వెనక్కి చూడకుండా నడిచింది. ఆయన వెనక పడ్డాడు, మోకాళ్ళ నొప్పులతో. ఇద్దరి మధ్య దూరం పెరుగుతూనే పోయింది. ఇక అందుకోలేడనుకున్నాను.

పెద్ద రోడ్డు దాటే చోట ఆమె ఆగింది. లారీలు పోయాయి, రోడ్డు ఖాళీ అయింది. దాటలేదు. మళ్ళీ రెండు బస్సులు వచ్చి పోయాయి, మళ్ళీ ఖాళీ అయింది. అప్పటికీ దాటలేదు. ఆయన కుంటుకుంటూ పక్కకు చేరేదాకా అక్కడే నిలబడింది.